నడక శిక్షణ జరుగుచున్నది, నడవరాదు

పద్మనాభం ఇంగ్లీషులో రోజూ వాకింగుకి వెళతాడు. తెలుగులో మాత్రం గేటు దాకా కూడా వెళ్ళడు.

హైమావతికి మొగుడి మీద ఉన్న ఫిర్యాదల్లా ఇదొక్కటే. మనిషి మంచివాడు. కూరలో ఉప్పు తగ్గినా పల్లెత్తు మాట అనడు. అనాలంటే వంటింటి దాకా లేచి వెళ్ళి ఉప్పు తెచ్చుకోవాలి కనక, చప్పగానే తినేసి చెయ్యి కడుక్కుంటాడు. సందు చివరి ఇస్త్రీ బండికి బట్టలివ్వాలన్నా స్కూటరు తీస్తాడు. అది స్టార్టయ్యేలోపు ఇస్త్రీ అతనే వచ్చి మూట పట్టుకుపోయిన రోజులున్నాయి.

అలాంటి మనిషి ఈ మధ్య పొద్దున్నే పడక్కుర్చీలో వెనక్కి వాలి, కాళ్ళు రెండూ స్టూలు మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని పాఠం వల్లిస్తున్నాడు.

"ఐ గో ఫర్ ఎ వాక్ ఎవ్రీ ఈవెనింగ్ ఎలాంగ్ ద రివర్ విత్ మై డాగ్ టామీ. ద కూల్ బ్రీజ్ రిఫ్రెషెస్ మై మైండ్."

"ఏవండీ, మనూళ్ళో ఏరెక్కడుంది?" అంది హైమావతి, గుమ్మంలో నిలబడి.

"అది జవాబు, హైమా. జవాబులో ఉంది."

"కుక్కో?"

"అదీ జవాబులోనే."

"మరి రోజూ సాయంత్రం నడిచే ఆయన?"

పద్మనాభం ఒక కన్ను తెరిచాడు. "కాఫీ పెట్టావా?" అన్నాడు.

ఈ సంగతంతా మునిసిపల్ ఆఫీసులో మొదలైంది. పద్మనాభం వేణుగోపురం మునిసిపాలిటీలో మేనేజరు. రాజధానిలో ఎవరో పెద్దలు 'నడకకు అనువైన పట్టణం' అని ఒక అవార్డు పెట్టారు. పోటీకి వచ్చిన పట్టణాలను చూడ్డానికి ఒక న్యాయనిర్ణేత వస్తారు. పౌరులను పిలిచి నడక గురించి ఇంగ్లీషులో ప్రశ్నలు అడుగుతారు. వాళ్ళు చెప్పే జవాబులకు మార్కులు వేస్తారు. పై చదువులకు పోయే పిల్లలు రాసే పరీక్షల్లో మాట్లాడే పరీక్ష ఒకటి ఉంటుంది చూడండి, అదే పద్ధతి.

చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు అమాయకంగా ఫుట్‌పాత్‌లు వేయడం మొదలుపెట్టారు. నిబంధనలు పూర్తిగా చదివినవాడు మాత్రం వేణుగోపురం కమిషనరు నీలకంఠ ప్రసాద్ ఒక్కడే. మార్కులు దారులకు కాదు, జవాబులకు అని ఆయన కనిపెట్టాడు.

"ఫుట్‌పాత్ వేస్తాం. రేపు దాని మీదకి బజ్జీల బండొస్తుంది," అన్నాడు సిబ్బంది సమావేశంలో, మైకును దగ్గరకి లాక్కుని. "జవాబు నేర్పిస్తాం. దాని మీద ఎవడూ బండి పెట్టలేడు. నడక అనేది పాదాలకు సంబంధించిన అంశం కాదు, మిత్రులారా. దృక్పథానికి సంబంధించిన అంశం. ఆ దృక్పథాన్ని వార్డు స్థాయి వరకు తీసుకెళ్ళవలసిన గురుతర బాధ్యత మన భుజస్కంధాల మీద ఉంది."

ఆ బాధ్యత ఎవరి భుజస్కంధాల మీద పెట్టాలా అని ఆయన చుట్టూ చూశాడు. తక్కినవాళ్ళంతా అప్పటికే లేచి వెళ్ళిపోయారు. లేవడానికి బద్ధకించి కూర్చున్న పద్మనాభం, నడక సంభాషణా విభాగానికి నోడల్ అధికారి అయ్యాడు.

శిక్షణకు స్థలం కావాలి. చదునుగా ఉండాలి, నీడ ఉండాలి, ఊరికి మధ్యలో ఉండాలి. అలాంటిది ఊళ్ళో ఒక్కటే ఉంది. మునిసిపల్ పార్కులో వాకింగ్ ట్రాకు.

ఆ ట్రాకు మీదే పొద్దున పూట హైమావతి నడుస్తుంది. పాలు పొంగిన తరవాత, పద్మనాభం లేవకముందు, రోజు మొత్తంలో ఆమెకు మిగిలే కాస్త సమయం అది. ఆ కాసేపూ ఆమెను ఎవరూ నా కళ్ళజోడెక్కడ, నా రెండో చెప్పెక్కడ అని అడగరు. వేపచెట్ల కింద చుట్లు కొడుతుంటే, కాలేజీలో బోటనీ చదివిన రోజుల్లో మరిచిపోయిన మొక్కల పేర్లు ఒక్కొక్కటే తిరిగొస్తాయి. వెంట ఒక చెవి తెగిన గోధుమరంగు వీధికుక్క తోడొస్తుంది. ఒకనాడు మిగిలిన పెసరట్టు దానికి పెట్టింది. అప్పటినుంచి దాని పేరు పెసరట్టు.

ఓ రోజు వెళ్ళేసరికి గేటుకు బోర్డు వేలాడుతోంది. 'నడక శిక్షణ జరుగుచున్నది. ఇచ్చట నడవరాదు. ఇట్లు, నోడల్ అధికారి.' లోపల ట్రాకు పొడుగునా ప్లాస్టిక్ కుర్చీలు. జవాబులో ఉన్న చల్లగాలికి అలవాటు పడాలని వరసకొక పెడస్టల్ ఫ్యాను. స్పోకెన్ ఇంగ్లీషు ప్రభుదాసు మాస్టారు ఆమెను చూసి ఎదురొచ్చాడు.

"రండి మేడమ్, రండి! మీకు అడ్డేముంది? నిరభ్యంతరంగా లోపలికి రావచ్చు." ఒక క్షణం ఆగి, "కూర్చోడానికైతే," అన్నాడు.

హైమావతి ఇంటికొచ్చేసరికి పద్మనాభం కుర్చీలో ఉన్నాడు. కళ్ళు మూసుకుని ఏటి ఒడ్డున మలుపు తిరుగుతున్నాడు.

"పార్కు మీరే మూయించారా?"

"మూయించడమేంటి? సద్వినియోగంలోకి తెచ్చాం."

"మరి నేనెక్కడ నడవాలి?"

"అవార్డు వచ్చేదాకా ఓపిక పట్టవే. వచ్చాక ఊరంతా నడకే. అయినా నీకు వేరే నడకెందుకు? వంటింట్లోంచి హాల్లోకి, హాల్లోంచి వంటింట్లోకి రోజుకి ఎన్నిసార్లు తిరుగుతావు!"

హైమావతి లోపలికెళ్ళి కాఫీ కలిపింది. బయటకొచ్చి, "కాఫీ వంటింట్లో గట్టు మీదుంది," అని చెప్పి, పేపరు తీసుకుని కూర్చుంది.

ఆ రోజు పద్మనాభం కాఫీ తాగకుండానే ఆఫీసుకు వెళ్ళాడు.

శిక్షణ జోరందుకుంది. జవాబు ఊరందరికీ ఒకటే. తలా ఒక జవాబు చెబితే తలా ఒక తప్పు దొర్లుతుందని ప్రభుదాసు మాస్టారి సిద్ధాంతం. మూడో వార్డు వంతు వచ్చినరోజు ఆకుకూరలమ్మే మస్తానమ్మ గంప పక్కన దించి కుర్చీలో కూలబడింది.

"అయ్యా, నేను పొద్దస్తమానం నడిచేదాన్నే గదా? మళ్ళా నాకు ఈ నడకేంది?"

"నువ్వు చేసేది నడక కాదమ్మా. తిరుగుడు. నడకంటే పనిలేకుండా నడవాలి. ఏదీ, చెప్పు. వేర్ డూ యూ లైక్ టు వాక్?"

మస్తానమ్మ తడుముకోకుండా అప్పజెప్పింది. ఏరు వచ్చింది, టామీ వచ్చింది, చల్లగాలి వచ్చింది. చివర్న అలవాటు చొప్పున, "గోంగూరా, తోటకూరా!" అని గట్టిగా ఒక కేక కూడా వచ్చింది. దాన్ని తీయడానికి మాస్టారికి వారం పట్టింది.

నోడల్ అధికారి భార్య కనక హైమావతి నమూనా పరీక్షకు రావలసిందే అన్నారు. వెళ్ళింది. ఎక్కడ నడుస్తారు అని మాస్టారు ఇంగ్లీషులో అడిగాడు. మునిసిపల్ పార్కులో, మీరు దాని మీద కుర్చీలు వేయనప్పుడు, అని ఆమె చక్కని ఇంగ్లీషులో చెప్పింది. ఎవరితో అన్నాడు. పెసరట్టు అనే కుక్కతో అంది. దారిలో ఏం చూస్తారు అన్నాడు. మూత లేని మ్యాన్‌హోలు, దాన్ని చూడకపోతే ఇంకేమీ చూడలేం, అంది.

ఫలితం సాయంత్రానికి పద్మనాభమే ఇంటికి తెచ్చాడు.

"తప్పావు," అన్నాడు, మొహం ఎటో పెట్టి.

"ఇంగ్లీషు బాగాలేదా?"

"ఇంగ్లీషు నిర్దుష్టం అని రాశారు." కాగితం పైకెత్తి చదివాడు. "'అయితే అభ్యర్థిని సమాధానాల్లో స్వానుభవ ఛాయలు మోతాదుకు మించి కనిపిస్తున్నాయి. కుక్క పేరు ఆమోదిత జవాబుకు అనుగుణంగా లేదు.'"

ఆరా తీస్తే నిజంగా నడిచేవాళ్ళంతా ఇలాగే తప్పుతున్నారని తేలింది. పోస్టాఫీసులో రిటైరైన పెద్దాయన, ఏటి ఒడ్డు అనాల్సిన చోట పందుల మంద అన్నాడు. జిల్లా కోర్టు ప్లీడరు చల్లగాలి దగ్గరకొచ్చేసరికి ముక్కు మూసుకున్నాడు. కమిషనరు అత్యవసర సమావేశం పెట్టాడు.

"దీన్ని వాస్తవ నడక దోషం అంటారు," అన్నాడు. "వీరు నేరస్థులు కారు, బాధితులు. నడిచేకొద్దీ వీరి జవాబులు చెడిపోతున్నాయి. మూలకారణాన్ని అరికట్టకుండా రోగాన్ని అరికట్టలేం."

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. నడక అలవాటు గల పౌరులు పరీక్ష ముగియు వరకు నడకకు దూరముగా ఉండవలెను. కింద సంతకం పద్మనాభానిది. తెల్లవారుజామున బైపాసు పక్కన నడుస్తూ పట్టుబడ్డ ప్లీడరును మునిసిపాలిటీ జీపులో ఎక్కించి, మర్యాదగా ఇంటి దగ్గర దింపారు.

హైమావతి రెండు రోజులు మేడమెట్లు ఎక్కి దిగింది. మూడో రోజున, మీ ఆవిడ మేడమెట్ల మీద నడుస్తోందని ఎదురింటివాళ్ళు ఆఫీసుకు ఫోను చేశారు. పద్మనాభం ఇంటికొచ్చి చేతులు జోడించాడు.

"నా పరువు తీయకు హైమా. నోడల్ అధికారి పెళ్ళామే నడుస్తోందంటే నేను ఊళ్ళో తలెత్తుకోగలనా?"

ఆమె ఆ రాత్రి చాలాసేపు ఆలోచించింది. మర్నాడు ఉప్మా వడ్డిస్తూ, ఎంతో అమాయకంగా, "ఏవండీ, నాకో చిన్న అనుమానం," అంది. "ఆ వచ్చే న్యాయనిర్ణేత, ఏదీ ఏరు, చూపించండి అంటే?"

పద్మనాభం నోట్లో ఉప్మా అలాగే ఉండిపోయింది.

వారం తిరిగేసరికి టౌన్‌హాలు వెనకున్న పెద్ద మురుగుకాలవ గోడలకు లోపలా బయటా నీలం రంగు పడింది. పైన 'నది' అని బోర్డు లేచింది. కమిషనరు కొబ్బరికాయ కొట్టి, ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని ఉపన్యసించాడు.

మళ్ళీ ఒక రోజు పెరుగు వడ్డిస్తూ, "కుక్కను చూపించమంటే?" అంది హైమావతి.

ఊరి కుక్కల్ని పట్టుకుపోయే బండి మర్నాటి నుంచి కుక్కల్ని తెచ్చి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇంటికొక టామీ పథకం అన్నారు. మెడకు పట్టీ, పట్టీకి టామీ అని రాసిన రేకు, తీసుకున్నట్టు సంతకం. దీనితో ఊరి కుక్కల సమస్య శాశ్వతంగా తీరిపోయిందని కమిషనరు ప్రకటించాడు. వేణుగోపురంలో ఇక వీధికుక్కలు లేవు. అన్నీ టామీలే.

పద్మనాభం వాటాకు వచ్చినదానికి ఒక చెవి తెగి ఉంది. గేటు దగ్గర హైమావతిని చూసి తోకతో నేలంతా ఊడ్చింది. పద్మనాభాన్ని చూసి పళ్ళు బయటపెట్టింది.

"హైమా! ఇది గుర్రుమంటోందే!"

"జవాబులో ఉన్నదే కదండీ," అంది హైమావతి.

పరీక్ష రోజు రానే వచ్చింది. న్యాయనిర్ణేత డాక్టర్ మృణాళిని. నెరిసిన జుట్టు, నేత చీర. చీర కింద కాన్వాసు బూట్లున్నాయి. వాటిని గమనించింది హైమావతి ఒక్కతే.

టౌన్‌హాల్లో పౌరులు ఒక్కొక్కరే వెళ్ళి ఆమె ఎదుట, జవాబులు రికార్డు చేసే ఆమె ఫోను ముందు కూర్చున్నారు. ఎక్కడ నడుస్తారు? ఏటి ఒడ్డున. ఎవరితో? టామీతో. ఎందుకు? ద కూల్ బ్రీజ్ రిఫ్రెషెస్ మై మైండ్. పూజారి గారి మనసు సేదదీరింది. మెకానిక్ మనసు సేదదీరింది. మస్తానమ్మ మనసు, గోంగూర ప్రసక్తి లేకుండా, సేదదీరింది. బయట వేపచెట్టుకు కట్టేసిన టామీలన్నీ ఒకదాన్ని చూసి ఒకటి మొరుగుతున్నాయి. కమిషనరు ఆనందంతో కుర్చీలో అటూ ఇటూ కదిలాడు.

చివరగా పద్మనాభం కూర్చుని తనవంతు ఒప్పజెప్పాడు. మృణాళిని కలం మూత పెట్టింది. చిరునవ్వు నవ్వింది.

"లవ్లీ!" అంది. "షల్ వుయ్ గో ఫర్ ఎ వాక్?"

ప్రభుదాసు మాస్టారు చేతిలో కాగితాలు తిరగేశాడు.

"మేడమ్, అది సిలబస్‌లో లేదు," అన్నాడు, సన్నగా.

"కారు! కారు తీయండయ్యా!" అని లేచాడు కమిషనరు. "మేడమ్ నడకకు వెళతారు!"

"కారెందుకండీ?" అంది మృణాళిని, తెలుగులో. "కాళ్ళున్నాయిగా. ఊరంతా రోజూ నడిచే దారే కదా. నోడల్ అధికారి గారూ, మీ టామీని తీసుకురండి. అది ఎటు తీసుకెళితే అటే పోదాం."

తాడు పద్మనాభం చేతికి వచ్చింది. పెసరట్టు ఒకసారి వెనక్కి చూసింది. గుంపులో హైమావతి కనిపించింది. అంతే, దానికి ఎన్నాళ్ళ నుంచో ఆగిపోయిన పని గుర్తొచ్చినట్టుంది. తాడు బిగిసింది. పద్మనాభం బయలుదేరాడు. బయలుదేరాడనడం కంటే, అతన్ని బయలుదేరదీశారనడం న్యాయం.

ముందు నది వచ్చింది. మృణాళిని చీరకొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. 

"ఇది..." అంది.

"వర్షాధార నది, మేడమ్," అన్నాడు కమిషనరు. "ప్రస్తుతం అభివృద్ధి దశలో ఉంది."

ఆ తరవాత బజారు. పద్మనాభం చొక్కా వీపుకు అతుక్కుపోయింది. అయినా పక్కన మృణాళిని ఉంది కనక, "ఎవ్రీ ఈవెనింగ్," అని మధ్యమధ్య ఒగరుస్తూ అంటున్నాడు. ఇస్త్రీ బండి అతను పెట్టె పక్కనపెట్టి రోడ్డు మీదకి పరిగెత్తుకొచ్చాడు.

"సార్! ఏంది సార్, నడిచొస్తన్నారు? బండి పాడైందా?"

"లేదు, లేదు," అన్నాడు పద్మనాభం.

బజ్జీల బండి ఆవిడ జల్లిగరిటె పట్టుకుని వంగి చూసింది. "అమ్మా హైమావతమ్మా, ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా? సారు నడుస్తన్నాడు!"

"బాగానే ఉన్నారమ్మా," అంది హైమావతి. మృణాళిని పెదవి కొరుక్కుని పక్కకు తిరిగింది.

ఇక్కడో మ్యాన్‌హోలు, అక్కడో పందుల మంద దాటుకుని, మలుపు తిరిగి, పెసరట్టు ఒకచోట ఆగింది. ఆగి, గేటు ముందు చతికిలబడి, తలెత్తి ఎదురుచూసింది. గేటుకు బోర్డు వేలాడుతోంది. మృణాళిని దాన్ని పైకే చదివింది.

"నడక శిక్షణ జరుగుచున్నది. ఇచ్చట నడవరాదు."

మళ్ళీ ఒకసారి చదివింది. ఊచల్లోంచి లోపలికి చూసింది. ట్రాకు మీద కుర్చీలు, కుర్చీల మీద ఎవరూ ఊడ్చని వేపాకు.

"ఇది ఎవరి ఆలోచన?"

కమిషనరు గొంతు సవరించుకున్నాడు. "ఇది, అంటే, క్షేత్రస్థాయిలో నోడల్ అధికారి గారు స్వతంత్ర విచక్షణతో తీసుకున్న నిర్ణయం, మేడమ్. సంతకం కూడా వారిదే."

అందరూ పద్మనాభం వైపు తిరిగారు. అతను జేబురుమాలు కోసం వెతుక్కున్నాడు, దొరకలేదు. ఊళ్ళో ఏ ప్రశ్నకైనా చెప్పమన్న జవాబు ఒకటే కనక, "ఐ గో ఫర్ ఎ వాక్ ఎవ్రీ ఈవెనింగ్ ఎలాంగ్..." అని మొదలుపెట్టాడు.

అప్పుడు హైమావతి కనిపించింది. ఆమె అతన్ని చూడ్డం లేదు. రెండు చేతులా గేటు ఊచలు పట్టుకుని లోపలికి చూస్తోంది. బయట నిలబెట్టిన చిన్నపిల్లలా ఉంది. పెసరట్టు వెళ్ళి ఆమె కాళ్ళకు ఆనుకుని కూర్చుంది.

పద్మనాభం జవాబు సగంలోనే ఆపేసి, "మేడమ్, నేను..." అన్నాడు.

"ఇంగ్లీషులో, ఇంగ్లీషులో!" అని వెనకనుంచి గొణిగాడు కమిషనరు. "మేడమ్ ఫోనులో రికార్డవుతోంది!"

"నేను నడవనండీ," అన్నాడు పద్మనాభం, తెలుగులో. "నాకసలు నడిచే అలవాటే లేదు. ఇవ్వాళ మొదటిసారి, కాళ్ళు పీకేస్తున్నాయి. నడిచేది మా ఆవిడ. రోజూ ఇక్కడే, ఈ కుక్కతోనే. దీని పేరు టామీ కాదండీ, పెసరట్టు. ఈ ఊళ్ళో అడిగినదానికి సరైన జవాబు చెప్పింది ఆవిడొక్కతే. ఆవిడ్ని నేనే తప్పించాను. ఆవిడ దారికి తాళం వేసి, ఇంట్లో మెట్లు కూడా ఎక్కనివ్వలేదు. బోర్డు రాయించింది నేనే, సంతకం నాదే." ఆగి, ఊపిరి పీల్చుకున్నాడు. "తప్పు నాదే."

పెసరట్టు ఎందుకో ఒక్కసారి మొరిగింది.

హైమావతి గేటు దగ్గర్నుంచి వెనక్కి తిరిగింది.

"ఏవన్నారు? చివరి మాట వినపడలేదండీ. కుక్క మొరిగింది."

వినపడిందని పద్మనాభానికి తెలుసు. అక్కడున్న అందరికీ తెలుసు. అతను గేటు దాకా, ఎవరూ లాగకుండానే, తనంతట తనే నాలుగడుగులు నడిచి వచ్చాడు.

"తప్పు నాదే అన్నాను, హైమా," అన్నాడు, బజారుకంతా వినపడేటట్టు. "నాదే తప్పు!"

ఈసారి పెసరట్టు కూడా ఊరుకుంది.